అప్పగింతలు

తెలుగువారి పెండ్లిలో మాంగల్యధారణము కన్న, తలంబ్రాల వేడుక కన్న గుండెను కదలించు ఘట్టము అప్పగింతలు. అప్పటికి కన్యాదానము జరిగిపోయినది. పురోహితుడు చెప్పవలసిన మంత్రములన్నియు చెప్పినాడు. అయినను అంతటితో చాలదని మన పెద్దలకు తోచినది. పిల్ల చేతులను పాలలో ముంచి, అత్తగారి చేతిలో, మామగారి చేతిలో, ఆడుబిడ్డ చేతిలో, మరది చేతిలో వరుసగా ఉంచి, ఇకమీదట ఈ పిల్ల మీది అని చెప్పుట ఆ తంతు. ఆడుపిల్ల ఒకరి చేతినుండి ఒకరి చేతికి పోవు సొత్తు కాదని నేటి తరము అనును; ఆ మాట న్యాయమే. ఆచారము సంగతి ఎట్లున్నను, అప్పగింత యను మాట మాత్రము పోగొట్టుకొనదగినది కాదు. అమ్మినవాడు సొమ్ము లెక్కపెట్టుకొని వెళ్లిపోవును. విడిచినవాడు వెనుదిరిగి చూడడు. దానము చేసినవాడు తాను ఇచ్చినదానిని మరచిపోవలెనని శాస్త్రము. అప్పగించినవాడు మరచిపోడు, క్షేమము విచారించుచునే యుండును, కాని అధికారము చెలాయింపడు. అమ్మకము, విసర్జనము, దానము, ఈ మూడింటికిని వేరైన నాలుగవ మార్గము ఒకటి కలదని ఆ మాట చెప్పుచున్నది.

ఈ నాలుగవ మార్గము నేడు పెండ్లిపందిళ్లలో కన్న సంఘములలో ఎక్కువ అవసరమైనది. పదిమంది కలిసి ఇష్టపడి పెంచిన పనిని, తొలుత తలపెట్టినవాడు అలసిన నాడు ఏమి చేయవలెను? ఆ పనికైన ఖర్చు ఎవరు పెట్టుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలును ఒకే తాటికి రెండు కొసలు. ఖర్చు ఏ తీరున జరిగినదో, అప్పగింత ఆ తీరుననే జరుగును.

ఒక చిన్న ఉదాహరణము. కార్లయందు ప్రీతి గలవారు కూటములుగా ఏర్పడుట ఈ పాతిక సంవత్సరములలో దేశమంతట కానవచ్చుచున్నది. ఫోనులు, కంప్యూటర్లు వచ్చిన పిమ్మట ఈ కూటములకు ఊరి పొలిమేరలు అడ్డు లేవు. ఇది ధనికుల కాలక్షేపమని కొట్టివేయుట పొరపాటు. అంబాసిడరు కారు సంగతి చూడవచ్చును. దాని తయారీ ఉత్తరపారా కర్మాగారములో 2014 మే నెలలో ఆగిపోయినది. తయారీ ఆగిన బండికి విడిభాగములు నానాటికి అరుదగును. ఏ ఊరి షెడ్డులో ఏ మెకానిక్కునకు ఆ ఇంజను గుట్టు తెలియును, ఏ భాగమునకు బదులు ఏ భాగము సరిపడును అనునది ఇకమీదట కంపెనీవారు చెప్పు సంగతి కాదు. ఆ బండిని ప్రేమించి వాడుకొన్నవారు ఒకరికొకరు చెప్పుకొను సంగతి.

నెల్లూరు సీమ సముద్రతీరములో ఈ విషయము మరింత తేటపడును. మైపాడు మొదలు కృష్ణపట్నము వరకు వీచు గాలిలో ఉప్పు ఉండును. ఉప్పు తగిలిన ఇనుము తొందరగా తుప్పుపట్టును. కారు తలుపుల అడుగున వాననీరు కారిపోవుటకు చిన్న రంధ్రములు ఉండును; ఇసుకయు దుమ్మును చేరి అవి పూడినచో నీరు లోపలనే నిలిచి, పైరంగు చెదరకుండగనే లోపలి రేకు తినిపోవును. బండి అడుగుభాగమును మంచినీటితో కడుగవలెనని, ఆ రంధ్రములను అప్పుడప్పుడు పుల్లతో శుభ్రము చేయవలెనని ఒకడు నష్టపడి నేర్చుకొన్నది మరి పదిమందికి నష్టము లేకుండ అందుట సామాన్యమైన ఉపకారము కాదు. ఇట్టి చిన్న చిన్న తెలివిడులు ఏండ్ల తరబడి పోగైనప్పుడు అది ఒక ఉమ్మడి ఆస్తి అగును. దానిని ఏ ఒక్కడును సృష్టింపలేదు.

ఆ ఉమ్మడి ఆస్తికి ఖర్చు ఉన్నది. వ్రాతలను, చిత్రములను భద్రపరచు చోటుకు అద్దె కట్టవలెను. వచ్చిపోవువారి తగవులు తీర్చవలెను. తప్పుడు సలహాలు, మోసపు బేరములు చొరబడకుండ కనిపెట్టవలెను. సాధారణముగ ఈ భారమంతయు తొలుత తలపెట్టిన ఒక్కని మీదనే పడును. ఉత్సాహము పొంగినంత కాలము అతడు జేబులోనుండి తీసి పెట్టును. తరువాత సంసారము పెరుగును, ఉద్యోగము మారును, వయస్సు వచ్చును. ఆ దినమున అతని యెదుట మూడు దారులు నిలుచును: తలుపు మూయుట, అమ్ముట, అప్పగించుట. మొదటిది సులభము. రెండవది లాభము. మూడవది మాత్రమే కష్టము.

తలుపు మూసినచో ఏమగునో లోకము చూచినది. యాహూ సంస్థ ఉచితముగ ఇచ్చిన చోటులో లక్షలాది జనులు తమ తమ ప్రీతుల చొప్పున కూటములు కట్టుకొన్నారు. 2019 డిసెంబరులో ఆ సంస్థ పాత వ్రాతలను తొలగించినది. 2020 డిసెంబరు 15న ఆ చోటునే మూసివేసినది. అద్దె లేని ఇల్లు గదా అని సంతోషించినవారికి ఆ ఇల్లు తమది కాదని ఆనాడు తెలిసినది. తెలివైన కొందరు ముందుగానే వ్రాతలను వేరొకచోటికి చేర్చుకొన్నారు. తక్కినవారి ముచ్చట్లు, అనుభవములు గాలిలో కలిసిపోయినవి.

అమ్మకము సంగతికి కూడ కార్ల లోకములోనే ఉదాహరణము ఉన్నది. 2017 ఫిబ్రవరిలో అంబాసిడరు అను పేరును హిందుస్థాన్ మోటార్సువారు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు 80 కోట్ల రూపాయలకు అమ్మినారు. పేరు కంపెనీది; అమ్ముకొను హక్కు కంపెనీకి కలదు. అందులో తప్పు పట్టవలసినది లేదు. కాని ఆ పేరుతోపాటు ఆ బండిని బ్రదికించుకొనుచున్న వేలమంది నేర్పు బేరమునకు రాలేదు, రాజాలదు. కూటమి విషయములో పేచీ ఇచ్చటనే పుట్టుచున్నది. కూటమిని స్థాపించినవాడు దానిని అమ్మినప్పుడు, వాస్తవమునకు అమ్ముడుపోవునది అతని శ్రమ మాత్రమే కాదు. ఇతరులు వెల కోరక ఇచ్చిన మాట, నమ్మి చెప్పుకొన్న అనుభవము, తోటివారి యందలి విశ్వాసము. తనది కాని దానిని అమ్ము అధికారము ఎవరికిని లేదు. స్థాపకునికి తాను పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకొను హక్కు కలదు. కృతజ్ఞత పొందు హక్కు కలదు. అంతకుమించి అతనికున్నది హక్కు కాదు, బాధ్యత. ఆ బాధ్యత పేరే అప్పగింత.

ఈ మాట చెప్పినంతనే, ఇవన్నియు ఆదర్శములు, ఆచరణలో సాగునా అని ప్రశ్నించువారు ఉందురు. వారికి సమాధానము నెల్లూరునకు చేరువలోనే, పెన్న ఒడ్డున ఉన్నది. ఇందుకూరుపేట మండలములోని పల్లిపాడు గ్రామమున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7న మహాత్మాగాంధీ ప్రారంభించినారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఆ పని తలపెట్టినవారు. స్థలమును, 13 ఎకరములు, పొణకా కనకమ్మగారు ఇచ్చినారు. భవనమునకు 10,000 రూపాయలు దక్షిణాఫ్రికాలోని పార్సీ వర్తకుడు, గాంధీజీ మిత్రుడు రుస్తుంజీ ఇచ్చినారు. ఖద్దరు, రాట్నము, హరిజనసేవ, గ్రామసేవ ఆశ్రమపు పనులు. కార్లప్రియుల కూటమికిని ఖద్దరు ఆశ్రమమునకును పోలిక ఏమున్నదని నవ్వుకొనువారు ఒక్క క్షణము ఆగవలెను. ఆశయములలో పోలిక లేదు; అంతరము ఆకాశమునకు భూమికి ఉన్నంత. కాని పదిమంది ఇష్టపడి పెట్టుకొన్నదానిని నిలువబెట్టుకొనుటలో చిక్కులు పెద్దదానికైనను చిన్నదానికైనను ఒక్కటే.

పల్లిపాడులో గమనింపదగిన మొదటి సంగతి, ముగ్గురి పాత్రలు వేరు వేరుగ ఉండుట. నేల ఇచ్చినవారు ఒకరు; ధనమిచ్చినవారు ఒకరు; పని చేసినవారు వేరొకరు. ఏ ఒక్కరును ఇది నాది అనదగినంత మొత్తమును ఒంటరిగ మోయలేదు. రెండవ సంగతి పేరు. ధనమిచ్చిన రుస్తుంజీ పేరు ఒక భవనమునకు దక్కినది. అది ధర్మమే. కాని ఆశ్రమమునకు మాత్రము దాత పేరు పెట్టలేదు, స్థాపకుల పేరు పెట్టలేదు. ఏటి పేరు పెట్టినారు. పినాకిని ఎవరి సొత్తును కాదు. మనుష్యుని పేరు మోయు సంస్థకు ఆ మనుష్యుని తరువాత వారసుల తగవు తప్పదు. ఏటి పేరు మోయు సంస్థకు ఆ బెడద లేదు.

మూడవ సంగతి ధనమును గురించినది. ఇందులో రుస్తుంజీకిని గాంధీజీకిని ఉమ్మడిగ తెలిసిన ఒక అనుభవము ఉన్నది. 1894లో నేటాలు ఇండియను కాంగ్రెసు స్థాపించినప్పుడు సభ్యులు నెలకు కనీసము 5 షిల్లింగులు చందా ఇయ్యవలెనని నియమము పెట్టినారు. నెల నెల వసూలు చేయుట కష్టమైనందున పిమ్మట దానిని ఏటి చందాగ మార్చినారు. వచ్చిన ప్రతి కాసుకును రసీదు ఉండవలెనని, లెక్క సరిగ లేనిదే ప్రజాసంస్థ నిలువజాలదని గాంధీజీ పట్టుపట్టినారు. క్రమముగ ఆ సంస్థకు ఆస్తి ఏర్పడి అద్దెలు రాసాగినవి. ఆయన ఆ దేశము విడిచిన పిమ్మట సభ్యులలో కలహములు రేగి ఆ అద్దెసొమ్ము న్యాయస్థానములో నిలువపడినది. ఈ కథను ఆయనయే ఆత్మకథలో చెప్పి, ప్రజాసంస్థకు శాశ్వతనిధి మేలు చేయదని, ఏటికేడు ప్రజలిచ్చు చందాతోనే దాని నడక సాగవలెనని తేల్చినారు. భవనము లేక సాగని సంస్థలకు భవనము తప్పదని కూడ ఒప్పుకొన్నారు. నిత్యవ్యయము మాత్రము సభ్యుల నుండియే రావలెనని వారి అభిప్రాయము.

ఈ విచారములో లోతైన లోకజ్ఞానము కలదు. చందా అనునది ధనము మాత్రమే కాదు. అది ఏటేట పడు ఓటు. చందా ఇచ్చువాడు లెక్క అడుగును. లెక్క అడుగువాడున్న చోట పెద్దలు మెలకువతో ఉందురు. ప్రకటనల సొమ్ముతో నడచు కూటమి క్రమముగ ప్రకటనదారు ముఖము చూచి మాటలాడ నేర్చును. ఫలానా చమురు మంచిది కాదని చెప్పవలసిన చోట నోరు కట్టుబడును. ఒక్క దాత కొంగు పట్టుకొని నడచు కూటమి ఆ దాత అలిగిన నాడు ఆగును. స్థాపకుని జేబునుండి నడచు కూటమిలో సభ్యులు అతిథులుగ మిగిలిపోవుదురు. అతిథికి ఇంటి కప్పు కురియుచున్నదన్న చింత ఉండదు. ‘ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిదప బోడి మల్లయ్య’ అను సామెత ఇట్టి అతిథుల మీదనే పుట్టినదేమో. తన పని గడచిన పిమ్మట మరలిచూడని సభ్యుని తప్పు కొంత ఉన్నను, అతనిని చందాదారుగ చేసికొనని పెద్దల తప్పు అంతకన్న ఎక్కువ.

పల్లిపాడు ఆశ్రమము లేతవయస్సులో ఉండగనే హనుమంతరావుగారు కన్నుమూసినారు. తలపెట్టినవాడు పోయినంతనే ఆరిపోవు దీపములు మన దేశమున ఎన్నియో. అయినను ఆశ్రమము ఆరిపోలేదు. 1929లో గాంధీజీ మరల వచ్చి చూచినారు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆశ్రమములకు వెనుకటి వేడి తగ్గుట సహజమే. అట్టి చోట సాధారణముగ జరుగునది, కట్టడములు కూలుట, నేల ఆక్రమణల పాలగుట. 2005 నుండి పల్లిపాడు ఆశ్రమ నిర్వహణము భారత రెడ్‌క్రాస్ సంఘపు నెల్లూరు శాఖ చేతిలోనికి వచ్చినది. నేటికిని ఆ స్థలమునకు పోయి రుస్తుంజీ భవనమును చూడగలుగుట ఆ అప్పగింత ఫలితమే.

ఇందులో ఆక్షేపణకు చోటు లేకపోలేదు. రోగులకు రక్తమిచ్చు సంస్థకును రాట్నమునకును సంబంధమేమి? పెద్దసంస్థ చేతిలో పడిన చిన్నసంస్థ తన ఆత్మను కోల్పోవదా? ఆక్షేపణ బలమైనదే. అప్పగింతలో ఇల్లు నిలుచును గాని ఇంటిలోని మంట నిలుచునన్న నమ్మకము లేదు. మంటను నిలుపుటకు పని నేర్చిన మనుష్యులు కావలెను. వారిని స్థాపకులే తమ కాలములో తయారు చేయవలెను. స్వీకరించు సంస్థ ఆ భారమును మోయుమని కోరుట న్యాయము కాదు. అయినను తగిన చేయిని ఎంచుటలో ఒక సూత్రము ఇచ్చట దొరకుచున్నది. భారత రెడ్‌క్రాస్ సంఘము 1920లో చట్టముచే ఏర్పడినది. దాని అధికారులు మారుచుందురు. నియమములు, లెక్కలు, శాఖలు నిలిచియుండును. లాభము పంచుకొను యజమాని దానికి లేడు. సేవాసంస్థను లాభము కోరని మరియొక సేవాసంస్థకు అప్పగించుట, పిల్లను సంప్రదాయము కలసిన ఇంటికి ఇచ్చుట వంటిది. ఇంటిపేరు వేరైనను నడవడి ఒకటి.

తీరమువెంబడి ఉత్తరమునకు పోయినచో వేటపాలెములో మరియొక తీరు కనిపించును. అచ్చటి సారస్వత నికేతనము 1918లో యువకులు పెట్టిన గ్రంథాలయము. గాంధీజీ 1929లో అచ్చట కూడ శంకుస్థాపన చేసినారు. అది నూరేండ్లు దాటి నిలిచియున్నది. తాతలు కూర్చిన పాతపత్రికల కోసము దేశవిదేశముల నుండి పరిశోధకులు ఆ చిన్న ఊరికి వచ్చుచున్నారు. పల్లిపాడు అప్పగింత వేరొక సంస్థకు జరిగినది. వేటపాలెపు అప్పగింత ఒక తరమువారు తమ తరువాతి తరమునకు చేసినది. రెండును యోగ్యమైన మార్గములే. ఇంటిలో అందుకొను చేయి ఉన్నచో వేటపాలెము దారి. లేనిచో పల్లిపాడు దారి.

ఆంధ్రులు ఆరంభశూరులని లోకములో ఒక అపవాదు ఉన్నది. దానిని వినినప్పుడెల్ల మనవారు సిగ్గుపడుటయో, కోపపడుటయో చేయుదురు. ఆ మాటను ఇంకొక తీరున చూడవలసియున్నది. ఆరంభించుట దోషము కాదు. శూరులు లేనిదే ఆరంభము లేదు. ఆరంభించినవాడే కడవరకు మోయవలెనన్న పట్టుదలయే దోషము. ఆ పట్టుదల కొంత అభిమానము, కొంత అహంకారము. తాను లేనిదే సాగదని అతడు నమ్మును. అతడు లేనిదే సాగదని సభ్యులును నమ్ముదురు. ఒకనాడు అతడు లేకుండ పోవును. ఆ నమ్మకము నిజమగును. మన ఊళ్లలో పత్రికలు, నాటకసమాజములు, గ్రంథాలయములు ఎన్నియో చచ్చినది ధనము లేక కాదు. తాళపుచెవి మరియొకరి చేతికి అందక చచ్చినవి.

కావున కార్లప్రియుల కూటమి కానిండు, పద్యప్రియుల సమాజము కానిండు, నాలుగు పనులు వేళ మించకుండ చేసికొనుట మేలు. చందా ఎంత చిన్నదైనను అందరి నుండియు తీసికొనవలెను. ఇయ్యలేనివారికి మినహాయింపు ఉండవచ్చును గాని, అడుగకుండుట మాత్రము తగదు. ఏడాదికొకమారు జమాఖర్చులు సభ్యులందరి యెదుట పెట్టవలెను. తాళపుచెవులు, అనగా నేటి కాలములో రహస్యపదములు, బ్యాంకు ఖాతా, భద్రపరచిన వ్రాతల నకలు, ఇవి కనీసము ఇద్దరి చేతిలో ఉండవలెను. నాలుగవది అన్నింటికన్న కష్టమైనది: స్థాపకుడు ఒంట్లో సత్తువ ఉండగనే, తప్పులు దిద్దుటకు వ్యవధి ఉండగనే, వారసుని చూపి పక్కకు తప్పుకొనవలెను. మంచము పట్టిన పిమ్మట చేయునది అప్పగింత కాదు, అది వీలునామా.

తప్పుకొన్నవాడు ఏమి చేయవలెను? అప్పగింతలు చేసిన తండ్రి ఏమి చేయునో అదియే. పండుగకు పోవలెను. క్షేమము అడుగవలెను. పిలిచినప్పుడు సలహా చెప్పవలెను. కొత్త పెద్దలు గోడకు రంగు మార్చినారని, కుర్చీ జరిపినారని అలుగరాదు. అందుకొన్నవారికి కూడ ఒక ధర్మమున్నది. పాతవాని పేరు చెప్పుటకు సంకోచింపరాదు. వాని లెక్కపుస్తకము పారవేయరాదు. తాము కూడ ఒకనాడు అప్పగింపవలసినవారమే అను సంగతి మొదటి దినముననే గుర్తుంచుకొనవలెను.

మైపాడు ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టుట ఆపలేనిది. ఏటేట కడిగి, గీరి, రంగు వేయుచుండువాడున్న బండి మాత్రము ముప్పది ఏండ్లు నడచును. ఆ కడుగువాడు మారవచ్చును, కడుగుట ఆగరాదు. ఏ కూటమిలోనైనను తొలి పెద్ద ఇంకను ఆరోగ్యముగ ఉన్నచో, ఈ ఏటి సమావేశములో మొదట లెక్కలు చదివించి, ఆ పిమ్మట రెండవ తాళపుచెవి ఎవరికి అను ప్రశ్నను ఆయనయే లేవదీయుట ఉచితము.